మడ్‌గార్డు లేని సైకిలు కొంటామా?

మా రోజుల్లో సైకిలు కొంటే మడ్‌గార్డులు, చైను కవరు బండితోపాటే వచ్చేవి. క్యారియరు, స్టాండు, బెల్లు, తాళం బిగించనిదే బండి షాపు గడప దాటేది కాదు. ఇప్పుడు పాతికవేలు పోసి కొన్న సైకిలుకి వీటిలో ఒక్కటీ ఉండటం లేదు. అడిగితే అన్నీ విడిగా కొనుక్కోమంటారు. వానాకాలంలో వీపు మీదికి బురద చిమ్మకుండా ఆపే రేకు సైకిల్లో భాగం కాకుండా ఎప్పుడు పోయింది? కూరల సంచి పెట్టుకునే చోటు లేని బండి, గోడకి ఆనిస్తే తప్ప నిలబడని బండి, బజార్లో అడ్డొచ్చిన మనిషిని హెచ్చరించడానికి గంట కూడా లేని బండి రోజువారీ పనికి ఎలా పనికొస్తుంది?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సైకిలు రోజూ పనికి వెళ్లే బండి. ఆ లెక్కనే చూసి కొనాలి, ఆ లెక్కనే సామాను బిగించుకోవాలి. రోజూ తొక్కేవాడికి సరదా దానంతట అదే వస్తుంది. ఈ వరస తిరగబడింది. ముందు సరదా అన్నారు, పని సంగతి తర్వాత చూద్దామన్నారు. అందుకే ఇవాళ ఏ అపార్ట్‌మెంటు సెల్లారులోకి వెళ్లినా గాలి దిగిపోయి, చైను తుప్పు పట్టి, దుమ్ము కొట్టుకుపోయిన సైకిళ్లు కనిపిస్తున్నాయి. కొన్నవాళ్లు మాత్రం పక్క వీధిలో పెరుగు ప్యాకెట్టుకి స్కూటరు తీస్తున్నారు.

మాది కృష్ణ అవతల తాడేపల్లి. అప్పట్లో ఉద్యోగం బెజవాడ గవర్నర్‌పేటలో. పొద్దున్నే భోజనం చేసి, క్యారేజీ హ్యాండిల్‌కి తగిలించుకుని, ప్రకాశం బ్యారేజీ మీదుగా సైకిలు మీద ఆఫీసుకి వెళ్లడం నా ఒక్కడి గొప్పేమీ కాదు. బ్యారేజీ మీద ఆ వేళకి సైకిళ్లు బారులు తీరేవి. గుమాస్తాలు, మేస్టర్లు, ప్రెస్సుల్లో కంపోజిటర్లు, పాల క్యాన్లు కట్టుకున్నవాళ్లు అందరిదీ అదే దారి. గాలి ఎదురు తిరిగిందంటే కిలోమీటరు పైచిలుకు బ్యారేజీ అంతా హ్యాండిల్ మీదికి వంగి తొక్కాల్సిందే. ఎవరూ దాన్ని వ్యాయామం అనలేదు. ఆఫీసుకి వెళ్లడం అన్నారు. సైకిలు ఎక్కితే పరువు తక్కువన్న ఆలోచనే లేదు. 1952లో రాజ్యసభకి వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్యగారు ఢిల్లీలో పార్లమెంటుకి సైకిలు మీదే వెళ్లేవారు. అంతటి మనిషికి లేని నామోషీ మనకెందుకో నాకు అర్థం కాదు.

అప్పట్లో రోడ్డు మీద కనిపించే పేర్లు కొద్దే. మద్రాసు అంబత్తూరులో 1949లో పెట్టిన టీఐ సైకిల్స్ వాళ్ల హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ. అసన్‌సోల్ సెన్-రాలీ వాళ్ల రాలీ, హంబర్. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్. 1956 నుంచి లూధియానా హీరో. పేరు ఏదైనా రూపం ఒకటే: నల్లరంగు, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, స్ప్రింగుల తోలు సీటు. మామూలు మనిషికి 22 అంగుళాల ఫ్రేము, పొడుగరికి 24. కొనేముందు షాపువాడే బారు మీదుగా నిలబెట్టి, పాదాలు రెండూ నేలకి ఆనాయో లేదో చూసేవాడు. ఆనకపోతే ఆ బండి అమ్మేవాడు కాదు.

ఒక్క గేరే ఉండేదని ఇప్పటి పిల్లలు జాలిపడతారు. ఆ ఒక్క గేరు వెనక ఉన్న లెక్క చూడండి. చాలా బండ్లకి ముందు పళ్లచక్రం 44 పళ్లు, వెనక ఫ్రీవీలు 18. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. ఆ చక్రం చుట్టుకొలత రెండుంబావు మీటర్లకి కాస్త తక్కువ. ఒక్క తొక్కుకి బండి సుమారు ఐదున్నర మీటర్లు ముందుకు పోతుంది. మన డెల్టా చదును నేల మీద మనిషి బరువు, వెనక బియ్యం బస్తా బరువు కలిపి ఆయాసం లేకుండా లాగడానికి అది చక్కగా సరిపోయిన కొలత. మన రోడ్లు, మన బరువులు తెలిసినవాళ్ల లెక్క అది.

బండి ఇంటికి వచ్చాక దాన్ని చూసుకోవడం వేరే చదువు. ఏడాదికోసారి, వానలు వెనకపట్టాక, ఓవరాయిలింగ్ చేయించేవాళ్లం. మెకానిక్కు బండిని తలకిందులుగా నిలబెట్టి రెండు చక్రాలూ ఊడదీసేవాడు. ఇరుసు వదులు చేసి కోన్లు తిప్పితే నల్లబడ్డ గ్రీజుతో కలిసి గోళీలు కిరసనాయిలు పళ్లెంలో పడేవి. ముందు చక్రానికి ఒక్కో వైపు పదేసి చిన్నవి, వెనక చక్రానికి తొమ్మిదేసి పెద్దవి. ఒక్కో గోళీని గుడ్డతో తుడిచి, వెలుగుకి పెట్టి చూసి, గుంట పడ్డదాన్ని పక్కకి తీసేవాడు. కప్పులో కొత్త గ్రీజు పూసి గోళీలు ఒక్కొక్కటే అద్ది, కోను బిగించేవాడు. బిగింపు సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలేస్తే, వాల్వు బరువుకే అది ఊగి ఊగి వాల్వు కిందికి వచ్చి ఆగాలి. మధ్యలో పట్టేసినట్టు ఆగిందంటే కోను బిగువు ఎక్కువైనట్టు. పట్టుకుని పక్కలకి ఊపితే కదిలిందంటే వదులైనట్టు.

ఆ తర్వాత బెండు తీయడం. రిమ్ముకి దగ్గరగా సుద్దముక్క పట్టుకుని చక్రం తిప్పితే, వంకర ఉన్నచోటే సుద్ద గీత పడుతుంది. గీత కుడివైపు పడితే ఎడమ పుల్లలు బిగించాలి, ఎడమవైపు పడితే కుడి పుల్లలు. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు. అన్నింటినీ వేలితో మీటి, చప్పుడు తేడాగా ఉన్నదాన్ని సరిచేసేవాడు. ఆ పనంతా మేము పక్కన కూర్చుని చూసేవాళ్లం. చూసి చూసి పంక్చరు వేసుకోవడం, వాల్‌ట్యూబు మార్చుకోవడం, చైను పొట్టి చేసుకోవడం ఇంట్లోనే నేర్చుకున్నాం. ఇప్పుడు సైకిలు తీసుకెళితే చూడకముందే ఆ పార్టు మార్చేయాలంటున్నారు. మార్చడం మరమ్మతు కాదు. బాగుచేసే చేతులు తగ్గిపోయాయి. నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లూ లేరు.

చట్టానికీ అప్పుడు సైకిలంటే పట్టింపు ఉండేది. మునిసిపాలిటీకి పన్ను కడితే బిళ్ల ఇచ్చేవారు, అది బండికి తగిలించుకోవాలి. రాత్రి దీపం లేకుండా తొక్కితే పోలీసు ఆపి చక్రాల్లో గాలి తీసేసేవాడు. డబుల్స్ ఎక్కించుకున్నా అంతే. మిల్లర్ డైనమో కొనే స్తోమతు లేనివాడు చిన్న కిరసనాయిలు దీపమైనా పెట్టుకునేవాడు. డైనమో టైరుకి రాసుకుని కాళ్లకి కాస్త బరువనిపించినా, వెలుగు మాత్రం బండి కదిలినంతసేపూ ఉండేది. ఇప్పుడు ఫోను చార్జరుతో నిండే దీపాలు వచ్చాయి. అరచేతిలో ఇమిడిపోతాయి, వెలుగు నాలుగింతలు. అయినా చీకటి పడ్డాక రోడ్డు మీద పోయే సైకిళ్లలో దీపం ఉన్నవి ఎన్ని? పైగా చెవుల్లో ఇయర్‌ఫోన్లు. లారీ హారన్ వినపడనివాడిని ఎవరు కాపాడగలరు?

ఈమధ్య మా మనవడు కాలేజీకి సైకిలు మీద వెళతానన్నాడు. ఆ మాటకి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. "తాతయ్యా, నువ్వూ రా, చూసి చెబుదువుగాని" అంటే ఒక పెద్ద షాపుకి వెళ్లాం. అక్కడి కుర్రాడు మొదట చూపించింది నాలుగంగుళాల లావు టైర్ల బండి. ముందు సస్పెన్షన్, రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులు, 21 గేర్లు.

"దీనికి క్యారియరు పడుతుందా బాబూ?" అన్నాను.

"పట్టదు సార్. పెడితే లుక్కు పోద్ది."

"మరి పుస్తకాలు, లాప్‌టాప్ ఎక్కడ పెట్టుకుంటాడు?"

"బ్యాగు వీపుకి తగిలించుకుంటాడు కదా సార్."

మే నెలలో బెజవాడ ఎండలో వీపున నాలుగైదు కిలోల బ్యాగుతో కాలేజీకి చేరేసరికి చొక్కా పిండుకోవాలి. ఆ సంగతి ఆ అబ్బాయికీ తెలుసు. ఫ్రేము ఎంత అని అడిగితే "అందరికీ ఒకటే సైజు సార్, సీటు జరుపుకోవచ్చు" అన్నాడు. అక్కడే నాకు ఒళ్లు మండింది. చెప్పులకి సైజు చూసే మనిషి, రోజూ గంటసేపు మోకాళ్లు, నడుము, మెడ అప్పజెప్పే బండికి సైజు చూడకపోతే ఎలా? బయటికి వచ్చేశాం. ఇంకోచోట సస్పెన్షన్ లేని, వెనక మాత్రమే ఏడు గేర్లున్న, క్యారియరుకీ మడ్‌గార్డులకీ బోల్టు బెజ్జాలున్న మామూలు బండి దొరికింది. సామానంతా అక్కడే బిగించి ఇచ్చారు. రోజూ దాని మీదే వెళుతున్నాడు.

ఆ షాపువాడు చూపించినదాంట్లో తప్పేమిటో వివరంగా చెబుతాను, డబ్బు పోగొట్టుకోకుండా ఉంటారు. నాలుగంగుళాల టైరు ఇసకలోనూ మంచులోనూ కూరుకుపోకుండా నడవడానికి పుట్టింది. ఏలూరు రోడ్డు మీద అది కాళ్లని పీల్చేస్తుంది. ఊళ్లో తిరగడానికి 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైరు చాలు. దాని అంచున ముద్రించిన లెక్క ప్రకారం గాలి ఉంచుకుంటే గుంతలకీ తట్టుకుంటుంది. చవకబారు సస్పెన్షన్ బండి బరువు పెంచుతుంది, ప్రతి తొక్కుకీ కిందికీ పైకీ ఊగుతూ బలం తినేస్తుంది. 21 గేర్లలో సగానికి సగం ఒకదానికొకటి సమానమే. చదును ఊళ్లో ఐదు కిలోమీటర్ల లోపు దూరానికి ఒక్క గేరూ చాలు. కనకదుర్గ ఫ్లైఓవరు లాంటివి రోజూ ఎక్కాలంటే వెనక ఏడు గేర్లు ఉంటే మోకాళ్లకి హాయి. వాల్వు మాత్రం మోటారుసైకిలుకి ఉండే రకం అయ్యుండాలి. సన్న వాల్వు అయితే దారిలోని పంక్చరు షాపులో గాలి కొట్టించుకోలేక నడిపించుకుంటూ రావాల్సి వస్తుంది.

కొనేచోటే రెండు పరీక్షలు చేయండి. బారు మీదుగా నిలబడితే పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి, బారుకీ మనకీ మధ్య అంగుళం రెండంగుళాల ఖాళీ ఉండాలి. సీటెక్కి పెడలు పూర్తిగా కిందికి దించి మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా సాగాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు ఎంత వంగాలో అంతే వంగుతుంది. సీటు మరీ కిందికి పెట్టుకుని, మోకాళ్లు నొప్పెట్టాయని సైకిలే మానేసినవాళ్లని ఎంతోమందిని చూశాను. తప్పు సైకిలుది కాదు, సీటు ఎత్తుది.

ఇక సామాను. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం, గంట: వీటి తర్వాతే ఏదైనా. తర్వాత మడ్‌గార్డులు, క్యారియరు, దాని పక్కన వేలాడే సంచి, స్టాండు. తాళం వేసేటప్పుడు చక్రం ఒక్కటే కాకుండా ఫ్రేముని కూడా కలిపి ఏదైనా ఊచకి కట్టండి. ఇంట్లో చేతిపంపు, పంక్చరు అతుకులు, చిన్న నూనె సీసా ఉంచుకోండి. పదిహేను రోజులకోసారి చైను తుడిచి చుక్క చుక్క నూనె వేస్తే చాలు, కిర్రుమనే చప్పుడే ఉండదు. హెల్మెట్ తప్పకుండా పెట్టుకోండి, గడ్డం కింద పట్టీ బిగించి మరీ. మేము పెట్టుకోలేదంటే అప్పటి రోడ్డు మీద మమ్మల్ని దాటిపోయేవి ఎద్దుబళ్లు, రిక్షాలు, అడపాదడపా ఒక బస్సు. ఇప్పుడలా కాదు.

కొత్తదంతా చెడ్డదని నేననను. మా కడ్డీ బ్రేకులు వానలో తడిసిన ఇనుప రిమ్ములని సరిగ్గా పట్టేవి కావు, ఆ విషయంలో ఇప్పటి అల్యూమినియం రిమ్ములు, కొత్త బ్రేకులు ఎంతో నయం. మా రోజుల్లో ఊళ్లో ఆడపిల్ల సైకిలెక్కితే వింతగా చూసేవారు. అది మా కాలానికి మచ్చే. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బళ్లలో చదివే ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చారు. పొలాల మధ్య రోడ్డు మీద రెండు జడల పిల్లలు వరసగా బడికి వెళుతుంటే చూసి నేనెంత పొంగిపోయానో చెప్పలేను. సైకిలు అసలు పని అది.

సరదాకీ మా రోజుల్లో లోటు లేదు. ఆదివారం పొద్దున్నే కృష్ణ కరకట్ట మీద బయల్దేరితే ఉండవల్లి గుహల దాకా ఒక ఊపు. బందరు కాలవ పక్కన నీడలో కంకిపాడు వైపు ఇంకో ఊపు. వేసవిలో దారిలో తాటిముంజలు, శీతాకాలంలో చెరుకు. వానాకాలంలో పొలాల వైపు వెళితే నల్లరేగడి మడ్‌గార్డుల్లో ఇరుక్కుని చక్రం తిరిగేది కాదు. పుల్లతో పొడిచి తీసి, అప్పటికీ కదలకపోతే బండిని భుజానికెత్తుకుని గట్టు దాటేవాళ్లం. సొంత బండి లేని పిల్లలు పావలా ఇచ్చి గంట అద్దెకి తెచ్చుకుని అడ్డతొక్కుడు నేర్చుకునేవారు. ఊరి సెంటర్లో పగలూ రాత్రీ కాలు కింద పెట్టకుండా రోజుల తరబడి సైకిలు తొక్కే మనిషి వస్తే ఊరంతా కదిలేది. సినిమా హాల్లో సైకిలు స్టాండు నిండాకే హాలు నిండేది.

ఆ సైకిలు స్టాండ్లే ఇప్పుడు లేవు. ఈమధ్య ఒక పెద్ద మాల్‌కి సైకిలు మీద వెళితే గేటు దగ్గరే ఆపేశారు. కార్లకి మూడంతస్తుల చోటుంది, మోటారుసైకిళ్లకి ఒక అంతస్తుంది, సైకిలుకి మాత్రం మూరెడు జాగా లేదట. బయట చెట్టుకి కట్టుకోమన్నారు. అది నాకు బాధనిపించింది. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం నడిచేవాళ్లకీ సైకిళ్లకీ రోడ్డు మీద చోటివ్వాలని రాసుకుంది. ఆ రాతకీ మన రోడ్లకీ పొంతన లేదు.

హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు వేసి, 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. పైన సౌర ఫలకాల కప్పు, కింద నీడ. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక దారి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకోటి. పనితనం బాగుంది, ఎండలో ఆ నీడ విలువ తొక్కేవాడికే తెలుస్తుంది. కానీ నగరం నడిబొడ్డున ఉండేవాళ్లు అక్కడికి చేరాలంటే సైకిలుని కారు వెనక కట్టుకుని వెళ్లాల్సి వస్తోంది. ఇంటి నుంచి బడికి, ఆఫీసుకి, మార్కెట్టుకి తీసుకెళ్లని దారి వ్యాయామానికి పనికొస్తుందే తప్ప ప్రయాణానికి పనికిరాదు. అదే డబ్బుతో, అదే శ్రద్ధతో నగరం లోపలి రోడ్ల అంచున ఆరడుగుల దారి గీసి, మీద కార్లు ఆపకుండా కాపాడితే వేలమంది రోజూ వాడుకుంటారు.

ప్రపంచ సైకిలు దినం జూన్ 3. ఐక్యరాజ్య సమితి 2018లో ప్రకటించింది. 2020లో సరిగ్గా ఆ రోజునే అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఆ వార్త చదివిన పూట నాకు అన్నం సయించలేదు. 2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు, మంచి పని. కానీ ధర తగ్గినంత మాత్రాన సైకిలు రోడ్డెక్కదు. తొక్కేవాడు ఉండాలి, తొక్కడానికి చోటుండాలి, పాడైతే బాగుచేసే చెయ్యి ఉండాలి.

చోటు సంగతి ప్రభుత్వం చూడాలి, అడగడం మన వంతు. తొక్కడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. కొనబోయేవాళ్లు షాపులో గేర్లు లెక్కపెట్టకముందు సైజు అడగండి, క్యారియరు పడుతుందో లేదో అడగండి. ఇప్పటికే సెల్లారులో బండి ఉన్నవాళ్లు ఈ వారమే దాన్ని పైకి తెచ్చి, గాలి కొట్టించి, బ్రేకులు చూపించి, దీపం పెట్టించండి. ఐదు కిలోమీటర్ల లోపు పనికి పెట్రోలు బండి తీయకండి. పిల్లలకి సైకిలు కొనిస్తే పంక్చరు వేయడం కూడా మీరే నేర్పండి.